ప్రభుదాసన్న చూడనిది

రైతు పేరు సగం కొట్టానో లేదో నెట్ పోయింది. కౌంటరు ముందు విత్తనాల బిల్లు కోసం పది మంది నిలబడి ఉన్నారు. కొత్త నెట్ మెకానిక్ ఫోన్ ఎత్తడు.

"పోనీలే, ఆ నంద్యాల ప్రభుదాసుకే చెయ్ మా. ఆయప్పకు తప్ప ఈ నెట్టు సంగతి ఎవునికీ తెల్దు" అన్నాడు మా ఓనరన్న.

ఏడాది తర్వాత ఆ నంబరు నొక్కాను. ఆయన కూతురు ఎత్తింది. ఆళ్లగడ్డ విత్తనాల ఆఫీసు నుంచి అన్నాను.

"నాయన లేడక్కా. మంగళారం గుండెనొప్పొచ్చి పోయినాడు. సమాధి గూడా అయిపాయ."

ఆ పాపే అడిగింది. "అక్కా, ఆడోళ్ల ఫోన్లు చూసినాడనే గదా మీ ఆఫీసోళ్లు నాయన్ను రావద్దనింది? నిజమేనా?"

"నాకు తెల్దు పాపా" అన్నాను. తెలుసు.

ప్రభుదాసన్న నెలకోసారి బస్సులో ఆళ్లగడ్డకు వచ్చేవాడు. గుడ్డసంచిలో వైర్లు, టిఫిన్ డబ్బా. మా ఆఫీసులో ఏ కంప్యూటరు, ఏ ఫోను నెట్‌ను ఎంత వాడుతోందో చూసి సరిచేయడం ఆయన పని. మా ఐదుగురినీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంటేగానీ ఆ లిస్టు తెరిచేవాడు కాదు. ఒక్కరు తక్కువైనా మౌస్ ముట్టడు.

"ఇది నీళ్ల మీటరు మా. ఎన్ని నీళ్లు పోయినాయో చెప్తాది. ఆ నీళ్లతో ఎవురేం వండుకున్యారో చెప్పదు" అనేవాడు.

పక్క టీకొట్టాయన దొంగతనంగా మా నెట్ వాడుతున్నాడని ఒకసారి తేలింది. ఓనరన్న కొట్టడానికే లేచాడు. ప్రభుదాసన్న తనే పోయి టీ తాగి, "అడిగి వాడుకోరాదాప్పా, ఆడ పని ఆగిపోతాంది" అని నెమ్మదిగా చెప్పి, వచ్చి పాస్‌వర్డ్ మార్చాడు. అంత మర్యాదస్తుడు.

పోయినేడు నెట్ మరీ నత్తనడక నడిచింది. పనివేళల్లో వీడియోలు చూసేవాళ్లను ఇంటికి పంపేస్తానన్నాడు ఓనరన్న. చూస్తున్నది నేనే. కౌంటరు కింద ఫోను పెట్టుకుని సీరియళ్లు. ప్రభుదాసన్న వచ్చి సంచి దించగానే భయంతో అరిచేశాను.

"ఈయప్ప మా ఫోన్లల్లో ఫోటోలు చూస్తాండాడన్నా! ఆడపిల్లోళ్లం, ఎట్ల పనిజేయాల ఈడ?"

మిగతా ఆడవాళ్లు లేచి బయటికి పోయారు. "ఏందప్పా ఇది? ఏం చూస్తావో తెరిచి చూపీ" అన్నాడు ఓనరన్న.

"అందరూ రానీన్నా."

ఎవరూ రాలేదు. ఆయన తెరవలేదు. తెరిచి ఉంటే లిస్టులో అన్నిటికంటే పైన నా ఫోనే కనబడేది. అది ఆయనకూ తెలుసనుకుంటాను. ఇంక రావద్దన్నాడు ఓనరన్న. ప్రభుదాసన్న నన్ను ఒక్కసారి చూసి, "బాగా బతుకు మా" అని సంచి భుజానికేసుకున్నాడు. నేనన్న మాట బజారుకెక్కింది. ఆళ్లగడ్డలో ఇంకో రెండు అంగళ్లు ఆయన్ను మాన్పించాయి.

తన పరువు పోతున్నా పద్ధతి తప్పని మనిషి. అలాంటి నిగ్రహం నేను చదువుకున్నవాళ్లలో కూడా చూడలేదు. నా ఉద్యోగం నిలిచింది, ఆయన పేరు చెడింది. ఆయనకు చేతులెత్తి మొక్కుదామంటే ఈ చేతులకు ఆ అర్హత లేదు.

ఆ పాపతో మాట్లాడిన మరుసటి రోజు పొద్దున షట్టరు ఎత్తగానే అందరి ముందూ ఉన్నదంతా చెప్పాను.

"సిగ్గుండాల మా నీకు!" అన్నాడు ఓనరన్న.

"లేకపాయన్నా" అన్నాను.

పొమ్మంటాడేమో, పోతాను. అంతకుముందే, వాళ్లందరికీ వినబడేలా స్పీకరు పెట్టి నంద్యాలకు ఫోన్ చేశాను.

"పాపా, మీ నాయన ఎవురి ఫోనూ చూల్లేదు. అబద్ధం చెప్పింది నేను."