నాలుగు దశాంశ స్థానాలు

విజయనగరం రింగురోడ్డు పక్క కల్యాణమండపంలో ఆ ఉదయం ఉన్నవి ఇవి. ప్రతినిధులు నూట పన్నెండు మంది. వాళ్ళలో మెడలో కార్డు ఉన్నవాళ్ళు తొంభై ఆరుగురు, మిగతా కార్డులు ప్రింటింగు షాపు నుంచి ఇంకా రాలేదు. వేదిక మీద కుర్చీలు తొమ్మిది, తువ్వాళ్ళు తొమ్మిది. ముందురోజు పెళ్ళికి కట్టిన బంతిపూల దండలు విప్పకుండా వాటి మీదే బిగించిన బ్యానరు ఒకటి: యువనేతల వార్షిక సదస్సు, ఆర్థిక, రాజకీయ, సాంకేతిక మార్పులపై చర్చ. ప్రొజెక్టరు ఒకటి. మత్స్యశాఖ నుంచి ఒక అధికారి. సముద్రంలో చేపలెక్కడున్నాయో చెప్పే యాప్ తయారుచేస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు. మరబోట్ల యజమానుల తరఫున ముగ్గురు. మూడో వరుసలో గోడ పక్క కుర్చీలో, ఇస్త్రీ చొక్కాలో, నా స్నేహితుడు.

నేను సాంకేతిక విభాగానికి కన్వీనర్ని. సదస్సు మొదలైన ఏడాది నుంచీ తీర్మానాలు రాసే పని నాదే. అది మూడో ఏడాది.

స్నేహితుడి గురించి చెప్పాలి. శ్రీకాకుళంలో డిప్లొమా చదివిన మూడేళ్ళూ మాది ఒకే బెంచీ. అతనిది తీరం మీది వేటపల్లె. చదువయ్యాక ఒక ఫ్యాక్టరీలో ఎనిమిది నెలలు చేసి, ఊపిరాడటం లేదని తిరిగొచ్చి తండ్రి తెప్ప ఎక్కాడు. ఇప్పుడు ఆ పల్లెలో సంఘం అంటే అతనే. కలెక్టరాఫీసుకి అర్జీ రాయాలన్నా, ఇంజను బాగుచెయ్యాలన్నా అతని ఇంటికే వస్తారు. నాది గజపతినగరం దగ్గర ఊరు. వరి, నువ్వులు, పెసలు పండించే ఇల్లు. నేను మ్యాపులు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాను. భూమిని కొలిచి, గీతలు గీసి, అంకెలు వేస్తాను.

అతని పల్లె ముందు జెట్టీ కడతారన్న మాట ఆ ఏడాది మొదట్లో వచ్చింది. సర్వే చేసినవాళ్ళ నివేదికలో ఒక వాక్యం ఉంది: ఈ ప్రాంతంలో చెప్పుకోదగిన వేట జరగడం లేదు. స్నేహితుడు ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపాడు. కింద ఒకటే మాట: "మేం రోజూ ఏటి సేస్తన్నామంట?"

దానికి జవాబు నా దగ్గర ఉందనుకున్నాను. మా ఇళ్ళలో భూమి గొడవ వస్తే చేసే పని ఒకటే. అడంగల్ తీస్తాం, పట్టా చూపిస్తాం, కొలతలు వేయిస్తాం. కాగితం మీద ఉన్నది నీది, లేనిది నీది కాదు. సముద్రానికీ అదే చేద్దామన్నాను. వాళ్ళు వేటాడే చోట్లన్నీ మ్యాపు మీద పెడదాం, సదస్సులో చూపిద్దాం, తీర్మానంగా పంపుదాం.

"అన్నీ పెట్టకు బావా," అన్నాడతను. "వల వేసే సోట్లు పెట్టు. అవి అందరికీ తెలిసినవే. రాయి మాత్రం మా అయ్యది."

రాయంటే నీటి అడుగున ఉన్న రాతి దిబ్బ. పైకి ఏమీ కనబడదు, నీళ్ళే. అక్కడ వల వేస్తే చిరుగుతుంది, అందుకని గేలమే వెయ్యాలి. వంజరం, గొరక చేపలు అక్కడ పడతాయి. వేట లేని రోజుల్లో కూడా ఆ రాయి దగ్గర కూరకైనా దొరుకుతుంది. అతని తాత కనిపెట్టాడు, తండ్రికి చెప్పాడు, తండ్రి అతనికి చెప్పాడు. అంతవరకే. అక్క మొగుడికి చెప్పలేదు. ఆ పల్లెలో పద్ధతి అది. ప్రతి ఇంటికీ ఇలాంటి చోటు ఒకటో రెండో ఉంటాయి. వాటికి వెళ్ళేటప్పుడు వెనక ఎవరైనా వస్తున్నట్టు అనిపిస్తే దారి మార్చి వేరేచోట గేలం వేసి కూర్చుంటారు, విసుగుపుట్టి వాళ్ళే పోయేదాకా.

"కానీ జెట్టీకి దగ్గరగా ఉన్నది అదేగదా," అన్నాను. "దాన్ని వదిలేస్తే కేసే లేదు."

చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "పెద్ద సున్నా ఒకటి సుట్టేయ్. ఈ మూల ఎక్కడో వేటుందని తెలిస్తే సాలు."

సరేనన్నాను. ఆ షరతు మీదే తండ్రిని కూడా అతను ఒప్పించాడు.

సదస్సుకి పదిహేను రోజుల ముందు తండ్రీకొడుకులిద్దరూ నన్ను తెప్ప మీద తీసుకెళ్ళారు. ఫైబర్ తెప్ప, చిన్న ఇంజను. తండ్రి వెనక కూర్చుని నడుపుతున్నాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ, వెక్కిరింత ఎక్కువ. నేను తెప్ప అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏటల్లుడూ, పొలం గట్టనుకున్నావా? గట్టిగా పట్టుకుంటే ఆగిపోద్దా సముద్రం?"

"వాంతి వస్తన్నాదేమో అయ్యా, ఒగ్గేయ్," అన్నాడు కొడుకు.

"రానీ. సేపలకి మేత."

కొంతదూరం పోయాక ఆయన ఒడ్డు వైపు తిరిగి చూడటం మొదలుపెట్టాడు. ఆయన చూసేవి రెండు గుర్తులు. పడమటి కొండ భుజం మీదకు లైట్‌హౌస్ వచ్చి నిలబడాలి. దక్షిణాన వాటర్ ట్యాంకు, దాని ముందున్న రెండు తాడిచెట్ల మధ్యలో ఇరుక్కున్నట్టు కనబడాలి. రెండూ ఒకేసారి కుదిరిన చోట ఇంజను ఆపేశాడు. సీసపు గుండు కట్టిన తాడు దింపి, పైకి లాగుతూ చేతులు బార చాపి కొలిచాడు. పందొమ్మిది బారలు. పక్కకు జరిగితే ఇరవై ఆరు.

"ఇదే," అన్నాడు.

నేను జేబులోంచి ఫోను తీశాను. ఆయన చూశాడు.

"ఏటి నొక్కుతున్నావు?"

"సిగ్నల్ ఉందేమోనని మావా."

"ఇక్కడ సిగ్నలెక్కడిది," అని గేలానికి ఎర గుచ్చుకోవడంలో పడ్డాడు. సిగ్నల్ లేకపోయినా ఫోను తానున్న చోటును చెబుతుందని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అంకెలు రెండూ వచ్చేదాకా ఫోను కదలకుండా పట్టుకున్నాను.

సదస్సులో మొదటి చర్చ ఆర్థికం. విమానాశ్రయం గురించి ఒకాయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. భోగాపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. "ఉద్యోగాలొస్తాయన్నారు గదా సార్, మా బావకొచ్చింది. రోడ్డు పని కాడ ఎర్రజెండా ఊపడం. లారీలు ఆగుతాయి. జీవితం మాత్రం ఆగట్లేదు, ఎలిపోతన్నాది." హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. రెండోది రాజకీయం. యువతకు ముప్పైమూడు శాతం టికెట్లు అన్న తీర్మానం మీద గంట సేపు కొట్లాడుకున్నారు. యువత అంటే ముప్పై అయిదేళ్ళ లోపా, నలభై లోపా అన్న దగ్గర ఆగిపోయింది. నలభై అన్నవాళ్ళందరూ ముప్పై ఆరు దాటినవాళ్ళే. నౌపడ నుంచి వచ్చినతను ఉప్పుమళ్ళ గురించి మాట్లాడదామని రెండుసార్లు చెయ్యెత్తాడు. భోజనాలయ్యాక అన్నారు. భోజనాలయ్యాక ఎవరికీ గుర్తులేదు. నేను కూడా గుర్తుచెయ్యలేదు. తర్వాత నా వంతు.

నా దగ్గర పద్నాలుగు స్లైడులున్నాయి. పదకొండోది మ్యాపు. సున్నా చుట్టాలని కూర్చున్నాను, నిజంగానే. ముందురోజు సాయంత్రం మూడుసార్లు గీసి చెరిపాను. సున్నా చూస్తే నాకే నమ్మకం కలగలేదు. సర్వేవాళ్ళు ఒక్క చూపులో కొట్టిపారేస్తారు, ఇదేం కొలత అంటారు. అందుకని చుక్క పెట్టాను. చుక్క పక్కన అక్షాంశం, రేఖాంశం వేశాను. దశాంశ స్థానాలు నాలుగు. నాలుగు స్థానాలంటే నేల మీద పది, పదకొండు మీటర్ల తేడా. మా ఇంటి వాకిలంత. మూడు స్థానాలు వేసినా నూరు మీటర్లు పోయేది. రెండు వేస్తే కిలోమీటరు. ఆపడానికి మూడు చోట్లున్నాయి. నేను ఆగలేదు.

స్లైడు పడగానే హాల్లో చప్పుడు తగ్గింది. జెట్టీ గీత ఎర్రగా, రాయి చుక్క నీలంగా. సర్వే వాక్యం పైన, మా కొలత కింద. "చెప్పుకోదగిన వేట లేదన్నారు, ఇదిగో వేట," అన్నాను. చప్పట్లు కొట్టారు. లా చదివే ఒకతను అడిగాడు, ఈ డేటా ఎవరిది అని. "ప్రజలది," అన్నాను. మళ్ళీ చప్పట్లు. ఫోన్లు పైకి లేచాయి. యాప్ కుర్రాళ్ళు లేచి ముందుకొచ్చి ఫొటో తీసుకున్నారు. మరబోట్ల తరఫువాళ్ళు కూర్చున్న చోటి నుంచే తీసుకున్నారు. నేను వాళ్ళకు అడ్డం రాకుండా పక్కకు జరిగాను కూడా.

మూడో వరుసలో నా స్నేహితుడు తల దించుకుని తన చేతులు చూసుకుంటున్నాడు.

టీ దగ్గర కలిశాడు. కప్పు పట్టుకున్నాడు, తాగట్లేదు.

"ఆ కింద అంకెలేటి బావా?"

"ఆ చోటు."

"సున్నా సుట్టమన్నాను గదా."

"సున్నా చుడితే ఎవరూ నమ్మరు రా."

"ఇప్పుడు నమ్మారా?"

"నమ్మారు."

"అదే గదా," అన్నాడు. "మా అయ్యకి నేనేటి సెప్పాల?"

అప్పటికీ నాకు పూర్తిగా తెలియలేదు. ఒక రాయి బయటపడితే పడింది, జెట్టీ ఆగితే పల్లె మొత్తం బతుకుతుంది గదా అన్నాను. అతను నాకు నిదానంగా, క్లాసులో నేను అతనికి లెక్కలు చెప్పినట్టు, చెప్పాడు. మరబోట్లు ఇన్నాళ్ళూ ఆ వైపు రాకపోవడానికి కారణం రాయి. అది ఎక్కడుందో వాళ్ళకు తెలియదు, వల తగిలితే పోతుందని భయం. అందుకే ఆ చుట్టుపక్కల నీరంతా మిగిలింది. ఎక్కడుందో తెలిస్తే భయం లేదు. అంచు దాకా వచ్చి, చుట్టూ వల లాగి, తిరిగి పోతారు.

"మీ సేను కాగితం మీద ఉంటే మీది," అన్నాడు. "మాది కాగితం మీద లేనన్నాళ్ళే మాది."

ఆ సాయంత్రమే స్లైడు తీసేశాను. లాభం లేకపోయింది. సదస్సు వాట్సాప్ గ్రూపులో నిర్వాహకుడు అన్ని ప్రసంగాల ఫైళ్ళూ అప్పటికే పెట్టేశాడు, అందరికీ ఉపయోగపడతాయని. ఫోను చేశాను. తీసేశాడు, మంచివాడే. గ్రూపులో నూట నలభై మంది ఉన్నారు. పదకొండో స్లైడు దయచేసి ఎవరూ పంచుకోవద్దని రాశాను. ఆరుగురు బొటనవేలు గుర్తు పెట్టారు. ఒకతను, ఏ స్లైడు, నాకు రాలేదు, పంపగలరా అని అడిగాడు.

జెట్టీ మీద తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నేనే రాశాను, నేనే పంపాను. రసీదు ఉంది. జవాబు రాలేదు.

స్నేహితుడు తండ్రికి ఆ రాత్రే చెప్పేశాడట. మర్నాడు తెప్ప దింపేటప్పుడు ఆయన కొడుకును ఎక్కవద్దన్నాడట. పక్కింటివాళ్ళ కుర్రాణ్ణి పిలుచుకున్నాడట. నెల రోజులు అలాగే జరిగింది. మొదటి వారంలో నేను స్నేహితుడికి మూడుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు ఎత్తాడు. "నాకు కోపం నేదు బావా," అన్నాడు. "ఒడ్డున కూకుంటే ఏటీ తోచట్లేదు." ఆ మాట అన్న గొంతు ఫ్యాక్టరీలో ఉన్నప్పటి గొంతు.

నెల దాటాక వెళ్ళాను. వెళ్ళి కాళ్ళ మీద పడదామనుకున్నాను. పొద్దున్నే, తెప్పలు దింపే వేళకి ఒడ్డుకు చేరాను. తండ్రి వల దులుపుతున్నాడు. ఆయన దగ్గర నేను వల ఎప్పుడూ చూడలేదు, గేలమే. నేను మొదలుపెట్టబోయేలోగా ఆయనే అన్నాడు.

"రా అల్లుడూ. ఎక్కు."

"మావా, నేను..."

"ఎక్కమన్నాను గదా. ఒరే, నువ్వూ ఎక్కు," అని కొడుకుతో అన్నాడు. నెల తర్వాత కొడుకును ఎక్కమనడం అదే మొదలని అతని మొహం చూస్తే తెలిసింది. ఇద్దరం ఎక్కాం.

ఈసారి వెక్కిరింతలు లేవు. కొండ భుజం వైపు ఆయన తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. చాలా దూరం నుంచే కనబడుతోంది. నీళ్ళ మీద నల్లటి గీతలు, వాటి వెనక పెద్దవి, పొగ. ఇంకొంచెం దగ్గరకు వెళ్ళాక ఇంజన్ల చప్పుడు వినబడింది. ఒక తెప్ప మీదవాళ్ళు మమ్మల్ని చూసి చెయ్యూపారు. అదే పల్లెవాళ్ళు. ఇంకో తెప్ప మీద స్నేహితుడి అక్క మొగుడు, అతని తమ్ముడు. వాళ్ళు చెయ్యూపలేదు, గేలం వైపు తిరిగిపోయారు. మరబోటు ఒకటి రాయి అంచు పొడవునా వల లాగుతూ పోతోంది, తిన్నగా, గీత గీసినట్టు.

తండ్రి ఇంజను ఆపాడు. గుండు దింపలేదు, గేలం తియ్యలేదు.

"లెక్కలోడివి గదా," అన్నాడు నాతో. గొంతులో కోపం లేదు. "లెక్కెట్టు. ఎన్నున్నాయో నాకు సరిగ్గా ఆనట్లేదు."

స్నేహితుడు నా వైపు చూడలేదు. నేను లేచి నిలబడ్డాను. తెప్ప ఊగుతుంటే ఇంజను పెట్టె పట్టుకుని, ఉత్తరం నుంచి దక్షిణానికి, ఏదీ రెండుసార్లు లెక్కలోకి రాకూడదని వేలు చూపిస్తూ లెక్కపెట్టాను. తర్వాత దక్షిణం నుంచి ఉత్తరానికి మళ్ళీ పెట్టాను. రెండు లెక్కలూ సరిపోయాయి.

తెప్పలు ఇరవై రెండు. మరబోట్లు నాలుగు.