ఈటె పట్టిన తాళాలాయన

తాళాలాయనకు అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పనిమీద వచ్చేవాళ్ళకు ఆయన మేస్త్రీ. పక్క కొట్లో సెలూన్ నడిపే బార్బరుకు మాత్రం పక్షి. అనుమానపు పక్షి అని పూర్తిగా పిలవడానికి బద్ధకమై ముందు సగం కత్తిరించేశాడు. కత్తిరించడం అతనికి అలవాటే కదా.

పేరు పెట్టినవాణ్ణి తప్పు పట్టడానికి లేదు. తాళాలాయన కొట్టుకు తాళం వేసి లాగి చూస్తాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు. తను చేసిన తాళమే, తన చేత్తో వేసిందే, అయినా నమ్మడు. ఒకసారి ఒకావిడ పరుగెత్తుకొచ్చి, తాళంచెవి లోపల ఉండిపోయింది, పొయ్యిమీద పాలున్నాయి, తలుపు తీసి పుణ్యం కట్టుకోమని బతిమాలింది. ఈయన గుమ్మం ముందు తీరిగ్గా నిలబడి, ఆ ఇల్లు ఆవిడదేనని నమ్మకమేమిటని ఆలోచించాడు. లోపల కర్టెన్ల రంగేమిటని అడిగాడు. గడియారం ఏ గోడకుందని అడిగాడు. చివరికి పాలు మాడిన వాసన తలుపు సందులోంచి వచ్చాక గానీ సంచిలోంచి పనిముట్టు తియ్యలేదు. ఆవిడ తిట్టిన తిట్లు వీధంతా విన్నది. దొంగ అయితే ముందుగా వచ్చి పాలు పొయ్యిమీద పెట్టుకోదు కదా, అందుకే తీశానని ఈయన ఇంటికెళ్ళి భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు.

అలాంటి మనిషికి నడివయసు దాటాక వీడియో గేముల పిచ్చి పట్టింది. అంటించినవాడు బార్బరే. పాడుబడ్డ కోటల్లో తిరుగుతూ, అడ్డొచ్చిన భూతాల్ని కొడుతూ, చివరికి అవతలి జట్టు కోటలో జొరబడి వాళ్ళ జెండా పీకెయ్యాలి, అదీ ఆట. ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లో వాళ్ళు టీవీ ముందు కూర్చుని, మైకు తగిలించుకుని మాట్లాడుకుంటూ ఆడతారు. వీళ్ళ జట్టులో తాళాలాయన, బార్బరు, ఒక నర్సమ్మ, ఒక స్కూలు బస్సు డ్రైవరు. పై వీధిలో జిరాక్స్ షాపాయన జట్టు వీళ్ళకు ఉప్పూ నిప్పూ.

ఆట కన్నా ఆయుధాల మీద వాదనే ఎక్కువ సాగేది. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డ వేళ సెలూన్ బల్లమీద చేరేవాళ్ళు. తాళాలాయన ఈటె మనిషి. అవతలివాడి కత్తి మనదాకా రాకముందే మన మొన వాడిదాకా పోవాలి, డాలు దించకూడదు, ఎవర్నీ చెయ్యి చాచినంత దూరంలోకి రానివ్వకూడదు, ఇదీ ఆయన సిద్ధాంతం. బస్సు డ్రైవరు సమ్మెట అంటే ప్రాణం పెట్టేవాడు. ఒక్కటి తగిలిందంటే భూతమూ పోతుంది, దాని వెనకాల తలుపూ పోతుందనేవాడు. నువ్వు సమ్మెట ఎత్తి దించేలోపల భూతం ఇంటికెళ్ళి భోంచేసి వస్తుందని నర్సమ్మ వెక్కిరించేది. ఆవిడది విల్లు. అయినా ఆయుధాల సంగతి తర్వాత, ముందు సంచిలో మందుసీసాలున్నాయో లేదో చూసుకోండయ్యా, ఈటె పట్టుకుని చచ్చినా సమ్మెట పట్టుకుని చచ్చినా చావు చావేనని ముక్కు మీద గుద్దినట్టు చెప్పేది.

బార్బరుది చిన్న బాకు. దగ్గరికెళ్ళే ధైర్యం లేనివాళ్ళకే పొడుగు కర్రలు కావాలని, దువ్వెన గాల్లో తిప్పుతూ పక్షిని ఉడికించేవాడు. నేను పొద్దున్న లేస్తే గొంతుల దగ్గర పనిచేసేవాణ్ణి, నాకు నువ్వు ఆయుధాల సంగతి చెప్తావట్రా అనేవాడు.

ఎంత వాదించుకున్నా కోటలో దిగాక ఇద్దరూ ఒకటే. ఈటె పట్టినవాడికి ముందు వైపంతా భద్రమే, వెనక వైపే ఖాళీ. ఆ ఖాళీలో బాకు పట్టుకుని బార్బరు ఉండేవాడు. చెప్పొద్దూ, తాళాలాయన వెనక్కి తిరిగి చూసుకోకుండా వీపు అప్పగించింది ఈ లోకంలో ఆ ఒక్కడికే. కొట్టు తాళంచెవి రెండోది కూడా సెలూన్ సొరుగులోనే ఉండేది. నా బీరువా తాళంచెవి నా చేతికివ్వడానికి పదిసార్లు ఆలోచిస్తారు, ఆయనకు మాత్రం కొట్టే రాసిచ్చారని ఇంట్లో భార్య దెప్పిపొడిచేది. ఒక్క విషయంలో మాత్రం పక్షి పక్షే. గడ్డం ఇంట్లోనే గీసుకునేవాడు. కటింగయితే ఏం జరుగుతోందో అద్దంలో కనబడుతుంది. గడ్డానికి తల వెనక్కి వాల్చాలి, కళ్ళు పైకప్పును చూస్తాయి, గొంతు దగ్గర కత్తి ఏం చేస్తోందో తెలియదు. బార్బరు దానికీ నవ్వి ఊరుకున్నాడు.

అంతా బాగానే ఉండగా వరసగా ఓటములు మొదలయ్యాయి. ఓడిపోవడం కాదు, ఓడిపోయిన తీరు తాళాలాయనకు మింగుడు పడలేదు. ఆయన ఎడమ మెట్లమీంచి దిగితే జిరాక్స్ జట్టు ఎడమ మెట్ల కిందే కాచుకుని ఉంది. ఈటె పొడవుకు అడ్డం పడేలా పెద్ద డాళ్ళు పట్టుకుని మరీ వచ్చారు. మరుసటి వారం దారి మార్చి వంటశాల వైపు నుంచి వెళ్తే అక్కడా ప్రత్యక్షం. కాకతాళీయమని నర్సమ్మ అన్నది. నిప్పు లేనిదే పొగ రాదని తాళాలాయన అనుకున్నాడు. పైకి అనలేదు, అంటే దొంగ జాగ్రత్తపడతాడు కదా.

ఇక చూడాలి ఆయన అవస్థ. తాళంచెవికి పళ్ళు కోస్తూ కోస్తూ మిషన్ ఆపేసి వీధిలోకి చూసేవాడు. డ్రైవరు బస్సు పై వీధిలో ఎందుకాగింది? నర్సమ్మ ఫోన్ మాట్లాడుతూ నన్ను చూసి గొంతెందుకు తగ్గించింది? జిరాక్స్ షాపాయన వారం వారం బార్బరు కుర్చీలోనే కదా కూర్చుంటాడు, కూర్చున్నవాడు నోరు మూసుకునే ఉంటాడా? ఒకరి మీదికి పోయిన అనుమానం సాయంత్రానికి ఇంకొకరి మీద వాలేది. రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోతే, ఆ ముద్దలో ఎవరున్నారు, నేనేనా అని భార్య అడిగింది.

చివరికి ఆయనో ఉచ్చు పన్నాడు. ముగ్గురికీ మూడు అబద్ధాలు చెప్పాలి. ఏ అబద్ధానికి అవతలి జట్టు విరుగుడు తెస్తే ఆ అబద్ధం విన్నవాడే దొంగ. ఎవరికీ చెప్పకమ్మా అంటూ నర్సమ్మకు తూర్పు గోడమీంచి బాణాలతో వెళ్దామన్నాడు. డ్రైవరుకు సొరంగంలోంచి జంట కత్తులన్నాడు. ఇద్దరూ సరేనన్నారు. బార్బరు దగ్గరికొచ్చేసరికే చిక్కు వచ్చింది. అతను ఊరికే నమ్మడు. ఆయుధం చేత్తో పట్టినవాడి మాట వేరు, పట్టనివాడి మాట వేరని ఇట్టే పసిగట్టేస్తాడు. సమ్మెట బరువెంత, ఎత్తాక ఎంతసేపు ఊపిరి బిగబట్టాలి, దెబ్బ తప్పిపోతే ఎటు దొర్లాలి అని ప్రశ్నలేస్తాడు. అందుకని తాళాలాయన రోజూ సాయంత్రం ఇంట్లో ఒంటరిగా ఆడే అలవాటు ప్రకారమే కూర్చుని, ఆ వారమంతా ఈటె పక్కనపెట్టి సింహద్వారం మీద సమ్మెట సాధన చేశాడు. అబద్ధాన్ని కూడా ఆకురాయి పట్టి అరగదీసి, తాళంలో సరిపోయేదాకా వదలని మనిషి. తర్వాత వెళ్ళి, ఈసారి సమ్మెటతో సింహద్వారం పగలగొడదామని బార్బరు చెవిలో చెప్పాడు. బార్బరు అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా సమాధానం చెప్పాడు కూడా. భలే, పక్షి ఎగరడం నేర్చిందని అతను ముచ్చటపడ్డాడు.

ఆదివారం కోటలో నర్సమ్మ తూర్పు గోడమీద, డ్రైవరు సొరంగంలో, ఎవరికి వారే నేను సరైన చోటే ఉన్నాను, మిగతావాళ్ళేరని అరుస్తున్నారు. జిరాక్స్ జట్టు గోడ వైపు తొంగి చూడలేదు, సొరంగం ఊసెత్తలేదు. అందరూ సింహద్వారం దగ్గరే ఉన్నారు. గుమ్మంలో నూనె పోసిపెట్టారు. చేతుల్లో డాళ్ళు లేవు, సమ్మెట దెబ్బను తప్పించుకునే తేలికపాటి కత్తులున్నాయి. తాళాలాయన టీవీ కట్టేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టానని భార్యతో అన్నాడు.

పొద్దున్నే సెలూన్‌కు వెళ్ళాడు. కుర్చీలో ఎవరో సగం కటింగుతో ఉన్నారు. అది కూడా చూసుకోలేదు.

"నా వీపు నీకప్పగించాను. నువ్వు పై వీధిలో అమ్ముకున్నావు."

బార్బరు కత్తెర ఆపి, సంగతంతా విన్నాడు. మూడు అబద్ధాలు, ఉచ్చు, నూనె, అన్నీ. "నన్నొక్క మాట అడగొచ్చు కదరా?" అన్నాడు.

"అడిగితే ఏ దొంగయినా అవునంటాడా?"

కుర్చీలో ఉన్నాయన గుడ్డ కింద ఊపిరి కూడా బిగబట్టాడు. బార్బరు సొరుగు తీసి, దువ్వెనల కిందనుంచి తాళంచెవి వెతికి తెచ్చి, తాళాలాయన చేతిలో పెట్టాడు. "మీ తాళంచెవి మీరే ఉంచుకోండి మేస్త్రీ గారూ. పనిలో ఉన్నాను, మళ్ళీ మాట్లాడదాం."

మేస్త్రీ గారూ అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ నోట ఆ మాట రాలేదు.

జట్టు చెదిరిపోయింది. మా మీద కూడా వల వేశారన్నమాట అని నర్సమ్మ ముఖం తిప్పుకుంది. డ్రైవరు హారన్ కొట్టకుండానే వెళ్ళిపోతున్నాడు. రెండు కొట్ల మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడే, పక్కన కత్తెర చప్పుడు కూడా వినిపిస్తుంది, కానీ ఒరేయ్ పక్షీ అన్న కేక మాత్రం రావడం లేదు. ఎదురుపడితే బార్బరు, బాగున్నారా అండీ అని పక్కకు తప్పుకుంటున్నాడు. తిట్టినా బాగుండునని తాళాలాయనకు అనిపించింది. ఆట ముట్టుకోబుద్ధి కాలేదు. దొంగను పట్టుకున్నవాడికి ఉండాల్సిన నిశ్చింత ఎందుకు రాలేదో అర్థం కాక, కొట్టు తాళం ఇంకోసారి ఎక్కువ లాగి చూస్తున్నాడు.

అలా ఉండగా జిరాక్స్ షాపాయన బీరువా తాళంచెవికి నకలు కావాలని వచ్చాడు. వచ్చినవాడు చెవి ఇచ్చి, ఒంట్లో బాగోలేదా మేస్త్రీ గారూ అని పరామర్శించాడు. ఎందుకని తాళాలాయన కనుబొమలు ముడిచాడు.

"సాయంత్రాలు మీ ఆట రావడం లేదు. మావాళ్ళందరం దానికోసమే కూర్చుంటాం."

"ఎక్కడ రావడం?"

"మా టీవీలో. మీరాడేది ఎవరైనా చూసేట్టు పెట్టారు కదా, మాలాంటివాళ్ళు నేర్చుకోవాలని పెట్టారనుకున్నాం. మీ ఈటె చూసే కదండీ మేం డాళ్ళు మార్చింది, మీరొచ్చే దారిలో కాచుకున్నది. సమ్మెటకు కొత్తలో తడబడ్డారు గానీ, తర్వాత భలే పట్టారు. మావాళ్ళు మిమ్మల్ని గురువుగారంటారు తెలుసా."

తాళాలాయన చేతిలో మిషన్ ఆగింది. ఓటములు మొదలయ్యే ముందు కొత్త గేమ్ పెట్టె కొని తెచ్చిన రోజు కళ్ళముందుకొచ్చింది. అది ఒకదాని తర్వాత ఒకటి ఏదేదో అడిగింది. తొందరగా ఆయుధాలు చూడాలన్న ఆత్రంలో ఈయన ఏదీ చదవకుండా అన్నింటికీ సరే, సరే, సరే అని నొక్కుకుంటూ పోయాడు. ఊళ్ళో తలుపులన్నీ అనుమానించే మనిషి తన తలుపు బార్లా తీసిపెట్టి లోపల కూర్చున్నాడు.

నర్సమ్మకు చెప్పిన అబద్ధం నోటితో చెప్పిందే, డ్రైవరుకు చెప్పిందీ అంతే. రోజూ కూర్చుని ఆడిచూసింది బార్బరు అబద్ధం ఒక్కటే. అతనొక్కణ్ణే నమ్మించడానికి అంత కష్టపడ్డాడు, ఆ కష్టమే అతన్ని దొంగను చేసింది. జిరాక్స్ షాపాయన నకలు తీసుకుని వెళ్ళేటప్పుడు నమస్కారం కూడా పెట్టాడు. ఈయన తిరిగి పెట్టలేకపోయాడు.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి భార్యకు చెబితే ఆవిడ నవ్వలేదు. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారు. వెతికితే వెతికారు, ఆ మనిషిని అంత మాటెందుకన్నారు?" అంది.

సెలూన్‌లో ఎవరూ లేరు. బార్బరు అద్దం తుడుస్తున్నాడు. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి అద్దంలోనే చూసి, "రండి. కటింగా?" అన్నాడు.

"గడ్డం," అన్నాడు తాళాలాయన.

తుడిచే గుడ్డ ఆగిపోయింది. బార్బరు కుర్చీ దులిపి, కూర్చోమని చెయ్యి చూపించాడు. తాళాలాయన ముందు జేబులోంచి కొట్టు తాళంచెవి తీసి దువ్వెనల పక్కన పెట్టి, తర్వాత కూర్చున్నాడు. కుర్చీ వెనక్కి వాలింది. అద్దం పోయింది, పైకప్పుకు వేలాడే ఫ్యాన్ వచ్చింది. చల్లటి నురుగు గొంతుదాకా పాకింది. చర్మాన్ని ఒక వేలు సాగదీసి పట్టుకుంది, కత్తి ఆనింది. తల కొంచెం ఎత్తండి అన్నాడు బార్బరు. ఎత్తాడు. భయం వేసింది, అయినా చేతులు కుర్చీ చేతులమీదే ఉంచాడు.

చెప్పాల్సింది లేచాక చెబుదామనుకున్నాడు గానీ, లేచాక నోరు రాదేమోనని అనుమానం వచ్చింది.

"తలుపు తీసిపెట్టింది నేనే. నా ఆట నేనే అందరికీ చూపించుకున్నాను. నీ తప్పేం లేదు. నిన్ను అడిగుండాల్సింది, నేను..."

గొంతు కత్తి కింద పైకీ కిందికీ ఆడింది. బార్బరు చెయ్యి చటుక్కున పైకి లేచింది.

"కదలకురా, తెగుతుంది."

తాళాలాయన కళ్ళు మూసుకున్నాడు. ఇక కదల్లేదు.