కంపోజిటరుకు రాని ఇంగ్లీషు

ఊళ్లో ఇంగ్లీషు తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అయినా అక్కడ ఎనభై ఏళ్లు ఒక ఇంగ్లీషు దినపత్రిక నడిచింది. ఓడల కబుర్ల కోసం విదేశీ వర్తకులు పెట్టిన పత్రిక అది. వాళ్లు వెళ్లిపోయాక రాయబారులనూ హోటళ్లనూ నమ్ముకుని బతికింది.

అందులో మా పెదనాన్న ఇరవై రెండేళ్లుగా సీసపు అక్షరాలు పేర్చే పనిలో ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. చేరేటప్పుడు మాత్రం వచ్చని చెప్పాడు. అక్షరాల రూపు చూసి, రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టు దింపేసేవాడు. ఈ సంగతి పెద్దమ్మకొక్కదానికే తెలుసు.

ఒకరోజు మొదటి పేజీలో మంత్రి రాజీనామా చేయరని రావలసింది, చేస్తారని వచ్చింది. మధ్యలో మూడక్షరాల మాట జారిపోయింది, అంతే. పది గంటలకల్లా ఒక అధికారి వచ్చి సంపాదకుడి గదిలో కూర్చున్నాడు. ఎవరో కావాలనే తీసేశారని ఆయన అనుమానం.

వచ్చని చెబితే జైలు, రాదంటే ఉద్యోగం పోతుంది. మధ్యాహ్నం ఇంటికి వెళ్లిన పెదనాన్నకు ముద్ద దిగలేదు.

"రాదని చెప్పేయండి," అంది పెద్దమ్మ.

"ఇన్నేళ్ల అబద్ధం. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఉన్న మొహంతోనే. ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తారు?"

తిరిగి వెళ్లగానే పిలుపొచ్చింది.

"ఆ మాట ఎందుకు తీశావ్?" అన్నాడు అధికారి.

"తియ్యలేదండి, జారిపోయింది. దాని అర్థమే నాకు తెలీదు. నాకు ఇంగ్లీషు రాదండి."

సంపాదకుడు బిత్తరపోయాడు. అధికారి నమ్మలేదు. కాగితం మీద ఇంగ్లీషులో ఒక వాక్యం రాసిచ్చి, పేర్చమన్నాడు. పక్కనే నిలబడి ఆయన వేళ్లనే చూశాడు. పెదనాన్న నిదానంగా పేర్చి, చివర చుక్క పెట్టి, అచ్చు తీసి అందించాడు.

"తప్పులేమన్నా ఉన్నాయేమో చూడండి."

అధికారి దాన్ని ఒకసారి చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఏం రాశారండి అందులో?" అని అడిగాడు పెదనాన్న.

"నిన్ను రేపు పొద్దున అరెస్టు చెయ్యమని," అన్నాడు సంపాదకుడు, అధికారి రాసిచ్చిన కాగితం చూసి.

అప్పుడు వణికాయి ఆయన చేతులు.

ఆయన్ని ఎవరూ అరెస్టు చేయలేదు, ఉద్యోగమూ పోలేదు. కానీ ఆ మర్నాటి నుంచి ప్రూఫులు దిద్దే ఆవిడ దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఏడాదికి చదవడం వచ్చింది. దాంతో చేతి వేగం తగ్గింది. మంత్రుల పేరున్న వార్త వస్తే ఒకటికి నాలుగుసార్లు చూసుకునేవాడు, అయినా ఇంటికొచ్చాక కుదురుండేది కాదు. ఆరేళ్లకు పత్రిక మూతపడింది. ఆ రోజు ఇంటికి వచ్చి, కడుపునిండా తిని పడుకున్నాడని పెద్దమ్మ చెప్పేది.