తెర మీది అంకె

నేను అనకాపల్లిలోనే ఉండి సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఒక స్కూలుకి హాజరు పట్టీ, ఒక మిల్లుకి స్టాకు చూసుకునే ప్రోగ్రామ్, అలాంటి చిన్న చిన్న పనులు. మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. వారానికి రెండు పూటలు ఒక కాలేజీలో పాఠం కూడా చెబుతాను. వీధిలో వాళ్ళు నన్ను ఇంజనీరమ్మ అంటారు. ఒకప్పుడు ఆ పిలుపు నాకు బాగానే ఉండేది.

ఊళ్ళో ఒక కంటి డాక్టరుగారు టోకెన్ల ప్రోగ్రామ్ కావాలని నన్ను పిలిపించారు. బుచ్చయ్యపేట నుంచి, కోటవురట్ల నుంచి, పూడిమడక నుంచి పొద్దుటి బస్సులకి దిగిన జనంతో ఆయన హాలు తొమ్మిదికల్లా నిండిపోయేది.

"పేర్లు పెట్టి అరుస్తుంటే లోపల నాకు పని సాగడం లేదమ్మా. గోడకి టీవీ పెడదాం. నంబరు దాని మీద రావాలి, హాల్లో ఎవరూ నోరెత్తకూడదు" అన్నారు.

ఇలాంటి ప్రోగ్రామ్‌ని మూడు భాగాలుగా విడదీసి రాయడం మా వృత్తిలో పద్ధతి. మోడల్ దగ్గర నిజం ఉంటుంది: ఎవరొచ్చారు, ఎవరి నంబరు ఎంత, ఇప్పుడు ఎవరి వంతు. వ్యూ అంటే కంటికి కనిపించేది, ఇక్కడ గోడ మీది టీవీ. మనిషి బటన్ నొక్కితే ఆ మాటని మోడల్‌కి చేరవేసేది కంట్రోలర్. ముఖ్యమైన నియమం ఒకటే. వ్యూ సొంతంగా ఏ లెక్కా కట్టకూడదు. మోడల్ చెప్పింది చూపించాలి, అంతే. ఈ పాఠం నేను కాలేజీలో ఏటా చెబుతాను.

ఆసుపత్రిలో బటన్ నొక్కే పని రిసెప్షన్‌లో ఉండే ఆవిడది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను మేడమ్ అనేది. అంతకుముందు కంప్యూటర్ ముట్టుకోలేదు. మూడు రోజుల్లో నేర్చుకుంది. ఏ బటన్ దేనికో మొదట్లో అరచేతిలో పెన్నుతో రాసుకునేది.

మొదలుపెట్టే ముందు రోజు డాక్టరుగారు వచ్చి చూశారు. బటన్ నొక్కాక టీవీ మీద అంకె మారడానికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది.

"ఇంత నెమ్మదా?" అన్నారు.

ఆ మాట నాకు తగిలింది. ఆలస్యం ఎక్కడుందో వెతికి సరిచేయాలంటే రెండు రోజులు పడుతుంది. నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను. మోడల్ని అడగడం మానేసి, బటన్ నొక్కగానే టీవీయే తన అంకెకి ఒకటి కలుపుకునేలా రాసేశాను. అంకె టక్కున మారింది. ఆయన భలే అన్నారు. తర్వాత సరిచేద్దామనుకున్నాను. ఇంటికెళ్ళి మర్చిపోయాను.

అందరూ వరసగా వెళ్తే అది పనిచేసేది. కానీ కంట్లో నలుసు పడ్డ పసిపిల్లనో, ఆపరేషన్ అయిన మనిషినో మధ్యలో పంపాల్సి వచ్చేది. అప్పుడు మోడల్ ఆ మనిషిని పిలిచి వరసని అక్కడే ఆపేది. టీవీ మాత్రం ఇంకొకటి కలిపేసుకుని ముందుకు పోయేది.

నెల తిరక్కుండానే గొడవ జరిగింది. బుచ్చయ్యపేట వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. చెరుకు రైతు, రెండు కళ్ళూ మసక. ఆయన నంబరు ముప్పై ఒకటి. టీవీ మీద ముప్పై ఒకటి రాగానే లేచి లోపలికెళ్ళాడు. డాక్టరుగారి కంప్యూటర్లో ఇరవై తొమ్మిదో మనిషి వివరాలున్నాయి. నీ వంతు రాలేదు, కూర్చోమన్నారు. ఆయన కూర్చుని మళ్ళీ ముప్పై ఒకటి ఎప్పుడొస్తుందా అని టీవీనే చూస్తున్నాడు. అది వెనక్కి రాదు కదా. అసలు వంతు వచ్చేసరికి టీవీ మీద ముప్పై మూడుంది. ఆయన లేవలేదు. మనిషి లేడని ప్రోగ్రామ్ ఆయన్ని తీసేసింది. ఆ రోజు చూపించుకోకుండానే వెళ్ళిపోయి, రెండు వారాలకి మళ్ళీ వచ్చాడు. నంబరు వేరు, జరిగింది మాత్రం అదే. ఈసారి వెంట వచ్చిన అల్లుడు హాల్లో నిలబడి గట్టిగా అరిచాడు.

డాక్టరుగారు నాకు కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి రిసెప్షన్ ఆవిడ ఆయన గదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో గీతల నోటుపుస్తకం.

"టీవీదే తప్పు మేడమ్. నా కంప్యూటర్లో ఒకటుంటంది, దాన్లో ఒకటి సూపిత్తంది. నాలుగు రోజులనుంచి రాత్తన్నాను, సూడండి" అంది. పేజీలో రెండు వరసలు గీసి, టీవీ అంకె ఒకవైపు, కంప్యూటర్ అంకె ఒకవైపు వేసింది. తేడా ఎక్కడ మొదలైందో అక్కడ చుక్క పెట్టింది. నా దగ్గర చదువుకునే పిల్లల్లో తప్పుని అంత శుభ్రంగా పట్టుకున్నవాళ్ళు లేరు.

పుస్తకం చూడగానే నాకు అర్థమైపోయింది. ప్రోగ్రామ్‌లో నేను రాసిన ఆ ఒక్క వరుస కళ్ళముందు కనిపించింది.

"ప్రోగ్రామ్‌లో తప్పుందా అమ్మా?" డాక్టరుగారు అడిగారు.

"లేదు సార్. బటన్ రెండుసార్లు నొక్కుతున్నారేమో" అన్నాను.

ఆ మాట ముందుగా అనుకుని అన్నది కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడానికి బోలెడంత సమయం ఉంది. ఆవిడ "నేనెందుకు నొక్కుతాను సార్, ఒక్కసారే నొక్కుతన్నాను" అంటున్నప్పుడు ఉంది. ఆయన "జాగ్రత్తగా ఉండాలి కదా" అని విసుక్కుంటున్నప్పుడు ఉంది. నేను సంచి సర్దుకుంటూ ఉన్నాను.

ఇంటికొచ్చి ఆ వరుస తీసేసి, టీవీ మోడల్ని అడిగేలా మార్చాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి అంకెలు కలిశాయి. దాంతో తప్పు ఆవిడదేనని ఆసుపత్రిలో అందరికీ ఖాయమైపోయింది. తిట్టాక సరిగ్గా నొక్కుతోంది అన్నారు. నేను చేసిన మరమ్మతే ఆవిడ మీద సాక్ష్యమైంది. వారం తిరక్కుండా ఆవిడని కౌంటర్ నుంచి తీసి, పైఅంతస్తు గదులు తుడిచే పనిలో వేశారు. నెలలోపు మానేసింది.

ఆ వారమే కాలేజీలో నేను ఇదే పాఠం చెప్పాను. వ్యూ సొంత లెక్క ఎందుకు కట్టకూడదు అని ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది. చూసేవాళ్ళు దాన్నే నమ్ముతారు కాబట్టి అన్నాను. ఆ అమ్మాయి అది నోట్సులో రాసుకుని కింద గీత గీసింది. తర్వాత చాలాసేపు బోర్డు వైపే తిరిగి ఉన్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఏదో మార్పు కోసం ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్‌లో కొత్తమ్మాయి. డాక్టరుగారు నా ఎదుటే ఆమెతో "పాతావిడలా రెండేసిసార్లు నొక్కకు" అన్నారు. అది అక్కడ అలవాటైన మాట అయిపోయింది. ఆ మాటకి పక్కనున్న నర్సు నవ్వింది.

గదిలోకి వెళ్ళి ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పాను. విన్నారు. "ఇప్పుడు బాగానే నడుస్తోంది కదమ్మా. ఆవిడ కూడా వెళ్ళిపోయింది. ఇంకెందుకు అవన్నీ" అని తర్వాతి మనిషిని పంపమన్నారు.

ఆవిడ కోటవురట్ల దగ్గర జీడిపిక్కల షెడ్డులో పనిచేస్తోందని నర్సు చెప్పింది. ఆ ఆదివారం సెలవుంటుంది కదా అని ఆవిడ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. జీడి నూనె అంటి వేళ్ళు నల్లబడ్డాయి.

"ఏటి మేడమ్, ఇలా వచ్చేరు?" అని కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"టీవీదే తప్పని నేనారోజే సెప్పేను కదా" అంది తుంచుతూనే.

"చెప్పావక్కా."

"మరి మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఆ రోజే. నువ్వు పుస్తకం చూపించినప్పుడే" అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. "నేనింకోలా అనుకున్నాను. మీకూ అంతుపట్టలేదేమో, పాపం, అనుకున్నాను" అంది.

డాక్టరుగారికి చెప్పానని, మళ్ళీ ఆ పనిలో పెట్టుకోమని అడుగుతానని అన్నాను. వద్దంది. కాసేపటికి తలెత్తి అడిగింది. "ఆ ముసలాయన కన్ను ఏటయిందండి?"

నాకు తెలియదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆయన గురించి అనుకోలేదు. నా సిగ్గు కూడా నా చుట్టూనే తిరిగిందని అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఆసుపత్రిలో అడిగి ముసలాయన సెల్ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. కంటాసుపత్రి పేరు వినగానే గొంతు తగ్గించాడు.

"రెండుసార్లు వచ్చేనమ్మా. నంబరు అందుకోలేపోయేను. సూపు ఆనదు కదా, అంకె సరిగ్గా సూసుకోలేదు. మా అల్లుడు ఊరికే మీమీద అరిసేడు, ఏటనుకోకండి."

"ఇప్పుడెలా ఉంది తాతగారూ?"

"ఇశాపట్నంలో ఆపరేసను సేసేరు. ఒకటి బాగుంది. రెండోది మసగ్గానే ఉంది. ఇంకొంచెం ముందొచ్చుంటే బాగుణ్ణన్నారు. నాదే ఆలీసం."

"మీరు సరిగ్గానే చూశారు. ఆ టీవీలో అంకె తప్పు. దాన్ని తప్పుగా రాసింది నేను."

"ఏటమ్మా?"

మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా. అవతల ఎవరో ఎవరని అడగడం, ఆయన ఉండమనడం వినిపించింది.

"అలాగా" అన్నాడు చివరికి. "సరేనమ్మా, ఉంటాను."