నేను తొక్కని బ్రేకు

దయ్యాల కబుర్లు చెబితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేదాన్ని నేనే. నల్గొండలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మేము కొన్న కొత్త కారు, ముందు ఏదైనా అడ్డొస్తే దానంతట అదే బ్రేకు వేసుకునే రకం. నెలలోపే విసుగొచ్చింది. పక్కనుంచి ఆటో దూరినా గట్టిగా మోగి ఆగిపోయేది. వెనకవాళ్ల తిట్లు నాకు. చివరికి ఆ ఏర్పాటును ఆపేశాను.

ఒక మధ్యాహ్నం అత్తమ్మను జడ్చర్ల నుంచి తీసుకొస్తున్నాను. రోడ్డు ఖాళీ. రెండు పక్కలా పత్తి చేలు. నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. కారు ఒక్కసారిగా ఆగింది. బెల్టు పెట్టుకోని అత్తమ్మ నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకుని చిట్లింది. ఎదురుగా మనిషి లేడు, మేక కూడా లేదు.

"గట్లెందుకు తొక్కినవ్ బిడ్డా?" అంది, కొంగుతో రక్తం అదుముకుంటూ.

"నేను తొక్కలే అత్తమ్మా."

ఆమె నమ్మలేదు. దవాఖానలో నాలుగు కుట్లు పడ్డాయి.

మెకానిక్ సలీం కారుకు కంప్యూటర్ తగిలించి చూశాడు. "బండి ఏస్కున్న బ్రేకు కాదు మేడమ్. గా సిస్టం బందే ఉంది. కాలితోటే తొక్కిన్రు, గట్టిగ."

మా ఆయన కారు తాళాలు తన జేబులో వేసుకున్నాడు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. కారు అమ్మినవాళ్లను అనుమానించాను, సలీంను అనుమానించాను. వంట చేస్తూ నా కుడికాలి వైపు చూసుకునేదాన్ని.

మూడు వారాల తర్వాత ఆయన ఒక్కడే జడ్చర్ల వెళ్లాడు. సాయంత్రం వాకిట్లో కారు ఆగింది గానీ మనిషి దిగలేదు. దగ్గరికి వెళ్లాను.

"నువ్వు నిజంగ తొక్కలే కదా?" అన్నాడు.

"లేదు."

"నేను గూడ తొక్కలే. గా పత్తి చేన్ల కాడనే ఆగింది. సలీం తాన్కి పోయే వస్తున్న. కాలితోటే తొక్కినట్టుందంట."

వంగి పెడల్ కింద చూశాను. ఏమీ లేదు.

సెన్సార్ చెడిందని, వైరు తెగిందని ఎన్నో అనుకున్నాను. అయితే ఆ ఒక్క జాగాలోనే ఎందుకు? ఇప్పుడు వేరే దారిలో చుట్టు తిరిగి వెళుతున్నాం. తన కొడుక్కీ అలాగే జరిగిందని విన్నా, అత్తమ్మ నా పక్క సీట్లో కూర్చున్నప్పుడు మాత్రం రోడ్డు చూడదు. నా కాళ్లనే చూస్తుంది.