మా బళ్ల వరస మీద నా వేలిముద్ర

తెలుగు సంఘం బోర్డుకి అంటించడానికి మనవరాలి చేత రాయిస్తున్నాను. నేను అప్పలనరసమ్మని, రాయ్‌పూర్ స్టేషన్ దగ్గర మేముండే వీధిలోనే సాయంత్రాలు దోసెల బండి పెడతాను. కొత్త హోటళ్ల కోసం మా బళ్లన్నీ తీయించేస్తారని విని, ఈ రోజు మధ్యాహ్నం మునిసిపల్ ఆఫీసుకెళ్లి బల్ల గుద్దాను.

"కొత్త హోటళ్లు కట్టుకోండి, నేనొద్దన్నానా? ఊరు చూడొచ్చినోళ్లు సాయంత్రమైతే తినేది మా దగ్గరేగా! మమ్మల్ని తీసెయ్యమని ఎవరు చెప్పారు?"

అక్కడి పెద్ద గుమాస్తా, బడేబాబు, నెమ్మదిగా ఫైలు తెరిచాడు. "బళ్ల గోల పడలేకపోతున్నామని మీ వీధివాళ్లే దరఖాస్తు ఇచ్చారు మాతాజీ. మొదటి వేలిముద్ర మీదే."

నాదే! పోయిన నెల కొత్త ఫ్లాట్లవాళ్లు కాగితం తెస్తే కుళాయి నీళ్ల కోసమనుకున్నాను. "వీధికి పెద్ద మీరే, ముందు మీరే వెయ్యాలి" అనేసరికి ఉబ్బిపోయి, అందులో ఏముందో అడక్కుండానే నొక్కేశాను.

"మరిప్పుడెలా బాబూ?" అన్నాను, గొంతు తగ్గించి.

"బళ్లు ఉంచమని ఇంకో దరఖాస్తు తెండి. సోమవారం లోపల."

అది కూడా మనవరాలే రాసింది. నాలుగుసార్లు చదివించుకుని మరీ వేలు పెట్టాను. మిగతా సంతకాలు మీవే కావాలి, రేపు సాయంత్రం బండి దగ్గరికి రండి. చదివాకే పెట్టండి. చదవకుండా పెట్టడానికి మా వరసకి నేనొక్కదాన్ని చాలు.