మావయ్య గిన్నెలో పసుపు చుక్క

మొన్న ఆదివారం అరసవల్లి గుడి ముందు ఎవరో కొత్త ఆటోకి పూజ చేయించుకుంటున్నారు. తడి పసుపుతో ముందు అద్దానికి బొట్టు పెడితే, అది నిలవక సన్నగా కిందికి జారింది. అంతే, పక్కనున్న కొబ్బరికాయల దుకాణం బల్ల మీద కూలబడ్డాను. దుకాణం ఆవిడ వడదెబ్బ అనుకుని సోడా తెప్పించింది పాపం, నలభై ఏళ్లనాటి సంగతని ఆవిడకేం చెప్పను?

మా మేనమామ శ్రీకాకుళంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరరు. తాతయ్య శ్రీకూర్మంలో స్వామి సేవలోనే బతుకంతా గడిపితే, మావయ్య మైక్రోస్కోపు సేవలో గడిపాడు. నన్ను చదివించి అదే ల్యాబులో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. ఆదివారాలు ఇద్దరం కళింగపట్నం వెళ్లి, తాడుకి గాజు పలకలు కట్టి సముద్రంలో వేలాడదీసి, రెండు వారాలు పోయాక తెచ్చుకునేవాళ్లం. వాటి మీద పట్టిన నాచులో దొరికేవి ఆయన పంచప్రాణాలు, నువ్వుగింజంత, కాగితంకన్నా పలచన, ప్లాకోజోవాలని పేరు. మా అత్తయ్య మాత్రం వాటిని అట్టుముక్కలనేది.

నోరు లేదు, పొట్ట లేదు, నరం లేదు, కండ లేదు, ముందూ వెనకా అన్న తేడా కూడా లేదు. నాచు మీదికి పాకి, ఒంటి కిందే దాన్ని అరిగించి పీల్చుకుంటుంది. చీలి రెండవుతుంది. ఇంతకన్నా సాదా జంతువు ఇంకోటి తెలియదు. పూర్వం ఎవరో పెద్దమనిషి దీన్ని జెల్లీ చేప పిల్లేనని తేల్చిపారేస్తే శాస్త్రజ్ఞులంతా దశాబ్దాలపాటు మర్చిపోయారట, అది చెప్పినప్పుడల్లా మావయ్యకి సొంత తమ్ముణ్ణి ఎవరో తిట్టినంత కోపం వచ్చేది. ఇది మొదటినుంచీ ఇంతేనా, లేక ఒకప్పుడు అన్నీ ఉండి పోగొట్టుకుందా అని అన్నం దగ్గర కూడా వాదించేవాడు, వాదించడానికి ఎదుట ఉన్నది నేనొక్కదాన్నే, నేను ఊఁ కొట్టేదాన్ని. పోగొట్టుకున్నవేవైనా ఉంటే పిండంలో కాసేపైనా కనబడతాయి గనక, అది పూర్తిగా పెరగడం చూస్తే జవాబు చిక్కుతుందని ఆయన ఆశ. చిక్కల్లా అక్కడే ఉంది. ల్యాబులో సముద్రపు నీళ్లు పోసి వాటిని పెంచే గాజు గిన్నె కిక్కిరిసి తిండి తగ్గినప్పుడు అది గుడ్డు పెడుతుంది, గుడ్డు రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ కొంతదూరం వెళ్లి ఆగి చచ్చిపోతుంది. ఎవరి దగ్గరైనా అంతే.

ఆ ఏడు దసరాకి ముందు ఒక గిన్నెలో పిండం మావయ్య ఎన్నడూ చూడనంత దూరం వెళ్లింది. సంతోషంతో ఆయనకి అన్నం సహించలేదు. సరిగ్గా అప్పుడే జ్వరం తగిలి, అత్తయ్య గుమ్మం దాటనివ్వకపోతే, నన్ను పిలిచి రోజూ చూసి రమ్మన్నాడు, దేన్నీ ముట్టుకోవద్దన్నాడు.

నవమి నాడు ల్యాబుల్లో కూడా ఆయుధపూజ చేసేవాళ్లం, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, త్రాసులకీ మైక్రోస్కోపులకీ బొట్లు పెట్టి తలా ఒక బంతిపువ్వు తగిలించేవాళ్లం. మావయ్య ఏటా తన చేత్తో మైక్రోస్కోపుకి బొట్టు పెట్టేవాడు కానీ గిన్నెల జోలికి పోయేవాడు కాదు. ఎందుకు పోడో ఆలోచించే బుద్ధి నాకుంటే ఇంకేం. ఆయన ప్రాణమంతా ఆ గిన్నె మీదే కదా, దానికి బొట్టు లేకపోతే ఎలాగని మూత తీసి అంచుకి తడి పసుపు పెట్టి, కూర్మనాథుడా, ఈ పిండాన్ని నిలబెట్టు తండ్రీ అని దండం పెట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి పసుపు చుక్క లోపలికి జారి నీళ్లలో దారంలా సాగుతోంది. డ్రాపరుతో దొరికినంత తీసేశాను. వేలు తెగితే పసుపే కదా అద్దుతాం, ఏమీ కాదులే అనుకుని ఇంటికి పోయాను. మర్నాడు చూస్తే పిండం కరిగిపోయి ఉంది. గిన్నె అంచుని కొంగుతో శుభ్రంగా తుడిచేశాను.

రెండు రోజుల తర్వాత మావయ్య దుప్పటి కప్పుకుని రిక్షాలో వచ్చాడు. చాలాసేపు చూసి, పుస్తకంలో ఒక ముక్క రాసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నేళ్లు ప్రయత్నించినా ఏ పిండమూ అంతదూరం రాలేదు. నీళ్లలో ఉప్పు మోతాదు మార్చాడు, వేడి మార్చాడు, చివరికి కళింగపట్నం వెళ్లడమే మానేశాడు. ఆయన అలా కుంగిపోతుంటే రోజూ ఎదుటే కూర్చుని పలకలు కడిగాను తప్ప నోరు విప్పలేదు.

ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఏటే అమ్మీ, ఆ పండక్కి గిన్నెలో ఏటైనా పడిందేటే?"

"ఏటీ పడలేదు మావయ్యా."

"అయితే నా సెయ్యే మంచిది కాదన్నమాట," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నెల తిరక్కుండా పోయాడు.

ఇప్పుడు ఆ జీవి జన్యువులన్నీ చదివేశారట. నరాలే లేని దాంట్లో నరాలకి కావలసిన జన్యువులు చాలా ఉన్నాయట, మావయ్య వింటే ఆ పూటకి అన్నం మానేసేవాడు. మా కాలేజీలో జంతుశాస్త్రం గ్రూపులో చేరేవాళ్లు లేక ల్యాబుకి తాళం పడింది. పిండం మాత్రం ఎవరి దగ్గరా ఇంకా నిలబడలేదట. అరసవల్లి నుంచి వచ్చిన రోజు మా మనవరాలికి అంతా చెప్పుకున్నాను, ఇన్నేళ్లలో చెప్పడం అదే మొదలు. అది ఫోనులో ఏదో వెతికి, ఆ పిండం ఎలాగూ చచ్చేదేలే అమ్మమ్మా అని ఓదార్చింది. కావచ్చు. పిండాన్ని తెలియక చంపాను. మావయ్యతో మాత్రం తెలిసే అబద్ధమాడాను.